కాముని మంట, అలావా గుంట

మా ఊళ్లల్లో ఈ పండుగ పేరు కాముని పున్నమి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాత వాడల్లో పెద్దమనుషుల నోట ఇప్పటికీ ఆ మాట వినిపిస్తుంది. హోలీ అన్న పేరు సినిమాలతో, పాఠ్యపుస్తకాలతో బలపడింది. పేరు మారితే ఏమవుతుందని అనుకోవచ్చు. పేరుతోపాటు కథ మారింది. కథతోపాటు పండుగ ఎవరిది అన్న లెక్క మారింది. ఆ లెక్కలోంచి మమ్మల్ని తీసేశారు. అందుకే ఈ పండుగ చరిత్రను మేం మా దిక్కు నుంచి రాయాల్సి వస్తున్నది.

'ఈ పండుగతో మీకేం పని?' అని మమ్మల్ని రెండు దిక్కుల నుంచీ అడుగుతున్నారు. ఒక దిక్కున కాషాయ జెండా పట్టుకున్నవాళ్లు. ఇంకో దిక్కున మాలోంచే, రంగు ముట్టుకుంటే దీన్ పోతుందని తేల్చేసినవాళ్లు. ఇద్దరూ అడిగేది ఒకటే. ఇద్దరికీ చరిత్ర అక్కర్లేదు. మూడో దిక్కున మా సెక్యులర్ మిత్రులు నిలబడి గంగా జమునా తెహజీబ్ అని మురిసిపోతారు. వాళ్ల మంచితనాన్ని మేం శంకించం. కాని ఆ మురిపెంలో మా బతుకు కనపడదు. ఎవరు కట్టెలు మోశారో, ఎవరు డప్పు కొట్టారో, ఎవరిని ఎంత దూరంలో నిలబెట్టారో అందులో వుండదు. ఆ సంగతులే మాకు కావాలె.

మా దిక్కు కాముని పున్నమి రంగులతో మొదలుకాదు, పాటతో మొదలవుతుంది. పున్నమికి ముందు రోజుల్లో పిల్లలు కోలలు పట్టుకొని ఇంటింటికీ తిరిగి జాజిరి ఆడతారు. ఇచ్చిన ఇంటికి దీవెన, ఇవ్వని ఇంటికి ఎకసెక్కెం. వడ్లో, పైసలో పోగుచేసుకుంటారు. పున్నమినాటి రాత్రి చౌరస్తాలో కాముణ్ని కాలుస్తారు. కట్టెలు అడిగి తెచ్చినవి కొన్ని, అడగకుండా ఎత్తుకొచ్చినవి ఎక్కువ. విరిగిన మంచంకోడు, పాత నిచ్చెన, దొడ్డికి కట్టిన కంప, ఏది చేతికి దొరికితే అది మంటలోకి పోతుంది. ఆ రాత్రికి అది దొంగతనం కాదు. తెల్లారి బూడిద, ఆ తర్వాత మోదుగుపూలు ఉడకబెట్టిన రంగునీళ్లు. పిల్లల మెడలో చక్కెర పేర్లు. ఇదీ పండుగ. ఇందులో పూజారికి పెద్ద పనిలేదు. మంత్రం కంటే తిట్టు ఎక్కువ. పెద్దా చిన్నా ఆ ఒక్క పూటకు ఆగిపోయినట్టు వుంటుంది.

కథ సంగతి చూడండి. ఉత్తరాది పుస్తకాల్లో కాలేది హోలిక, బతికి బయటపడేది ప్రహ్లాదుడు. మా దిక్కు కాలేది కాముడు, కాల్చింది శివుడు, ఏడ్చేది రతీదేవి. శివరాత్రికి వేములవాడ రాజన్న దగ్గర జనం మొక్కులు తీర్చుకుంటే, పదిహేను పదహారు రోజులకు ఊళ్లల్లో కాముడు కాలుతాడు. ఆ వేములవాడ గుడి ప్రాంగణంలోనే ఒక దర్గా వుంటూ వచ్చింది. రాజన్నకు కోడె కట్టినవాళ్లే అక్కడా మొక్కుకుంటూ వచ్చారు. అదే ఫాల్గుణంలో ధర్మపురి నరసింహస్వామి జాతర. వీర్నపల్లి దిక్కు తండాల్లో లంబాడీలకు ఇది ఏడాదికి పెద్ద పండుగ. వాళ్ల పాటలు లెంగీ పాటలు, మగబిడ్డ పుట్టిన ఇంట్లో చేసే ఢూండ్ వాళ్లదే. ఇంకా ఉత్తరాన ఆదిలాబాద్ గోండులు దురాడి అంటారు. ఒక్క పున్నమి కింద ఇన్ని పండుగలు వున్నాయి. అన్నింటినీ ఒకే పేరులో పోసి, ఒకే కథ చెప్పి, ఇది హిందువుల పండుగ అని గీత గీయడం కొత్త సంగతి.

అసలు దీని పాతదనం ఎంత? గోదావరి ఒడ్డున ఇవ్వాళ జగిత్యాల జిల్లాలో వున్న కోటిలింగాల శాతవాహనుల తొలి కేంద్రాల్లో ఒకటి. శాతవాహన రాజైన సీముకుని నాణేలు అక్కడ దొరికాయి. ఆ వంశపు రాజు హాలుడి పేరుమీద వచ్చిన ప్రాకృత గాథాసప్తశతిలో ఫాల్గుణపు పండుగ వుంది. బురద పూసుకోవడం వుంది, ఆ పూట దాన్ని ఎవరూ తప్పు పట్టకపోవడం వుంది. పాడింది పల్లె మనుషుల గురించి. రెండువేల ఏళ్లనాటి సంగతి గనుక అప్పటికి ఇస్లాం లేదు. ఇవ్వాళ హిందూమతం అని మనకు చూపెడుతున్న ముద్దా లేదు. వున్నది పంట చేతికొచ్చిన జనం, చలి పోయిన రాత్రి, వెన్నెల.

దానికి పదహారు వందల ఏళ్ల తర్వాత మొగల్ పాదుషా జహంగీర్ తన స్వీయచరిత్రలో హిందువుల పండుగల లెక్క రాశాడు. అతని పాలన 1605 నుంచి 1627 దాకా. నాలుగు వర్ణాలకు నాలుగు పండుగలు పంచాడు. రాఖీ బ్రాహ్మణులకు, దసరా క్షత్రియులకు, దీపావళి వైశ్యులకు. హోలీని శూద్రులకు ఇచ్చాడు. రాత్రి వీధుల్లో మంటలు పెట్టి, తెల్లారి బూడిద ఒకరిమీద ఒకరు చల్లుకుంటారని రాశాడు. పాదుషాకు ఆ లెక్క చెప్పిన పండితులు ఎవరైతేనేం, నాలుగు వందల ఏళ్ల కింద ఇది కింది కులాల పండుగ అని దర్బారులో ఒప్పుకున్న మాట అది. ఇవ్వాళ ఈ పండుగకు కాపలాదారులమని చెప్పుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. మంట పెట్టినవాళ్లు ఒకరు, దాన్ని జెండాగా ఎత్తుతున్నవాళ్లు వేరొకరు.

రాజులూ దీన్ని తీసుకున్నారు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు చేసి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు కర్పూరం, కస్తూరి, పన్నీరు సరఫరా చేసింది అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆ సెట్టికే. ఆ సరుకు చాలావరకు సముద్రాలు దాటి వచ్చింది, సముద్రం మీద వ్యాపారంలో అరబ్బులు, పారసీకులు వున్నారు. 1580లో గోలకొండ గద్దెనెక్కి, 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో బసంత్ మీద పద్యాలు రాశాడు. మొహర్రం మీద మర్సియాలు రాసిందీ అతనే. ఒకటి రాస్తే రెండోది రాయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఉత్తరాన బాబా బుల్లేషా హోలీ పేరుమీదే తన సూఫీ పాట కట్టాడు. నజీర్ అక్బరాబాదీ ఆగ్రా బజారు మనుషుల హోలీని ఉర్దూలో రాసిపెట్టి 1830లో చనిపోయాడు. బారాబంకీ దగ్గర దేవా షరీఫ్‌లో హాజీ వారిస్ అలీ షా దర్గా ముంగిట ఇప్పటికీ హోలీ ఆడతారు.

కాని రాజుల రంగు వేరు, ఊరి రంగు వేరు అన్నది మేం మరిచిపోం. గోలకొండలో సుల్తాను బసంత్ ఆడితే అది మా దూదేకుల ఇంటికి చేరలేదు. రాజు ముస్లిం గనుక ముస్లింలందరూ రాజులే అన్నట్టు మాట్లాడే చరిత్ర మాకు చాలా చేటు చేసింది. పట్నంలో నిజాం వున్నా, ఎలగందుల జిల్లా పల్లెల్లో దూది ఏకే సాయబు, గాజులమ్మే సాయబు, జట్కా తోలే సాయబు దొర ముందు చేతులు కట్టుకునే నిలబడ్డారు. కనుక మా చరిత్రను మేం దర్బారులో వెతుక్కోం. చౌరస్తాలో వెతుక్కుంటాం.

చౌరస్తాలో ముందు మాటలు దొరుకుతాయి. పండుగనాడు చేతిలోకి తీసుకునే గులాల్ ఫారసీ మాట. అబీర్ అరబ్బీ మాట, సుగంధమని అర్థం. రంగు సంస్కృతంలోనూ వుంది, ఫారసీలోనూ వుంది. బట్టకు రంగు అద్దేవాణ్ని ఉర్దూలో రంగ్రేజ్ అంటారు. దేశమంతటా ఆ పనిచేసి ఆ పేరే కులం పేరైన ముస్లింలు వున్నారు. రంగు చేసేవాడి చేతికి ఏడాదంతా రంగే. రంగు అతనికి కూడు, ఆట తర్వాత. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తారులోంచి ఊదారంగు తీశాడు. ఆ తర్వాత వచ్చిన రసాయనపు రంగులు నీలిమందునూ, చెట్టురంగులనూ, వాటిమీద బతికే చేతులనూ దెబ్బకొట్టాయి. మోదుగుపూలకు కూడా అదే గతి పట్టింది. చెట్టు ఇప్పటికీ అడవిలో పూస్తుంది, ఏరుకొచ్చేవాళ్లు తగ్గిపోయారు. దుకాణంలో పొట్లం దొరుకుతుంది. ఆ పొట్లంలో వున్నదేమిటో ఒళ్లు మండినంక తెలుస్తుంది.

చౌరస్తాలో రెండోది మంట. తెలంగాణ పల్లెల్లో మొహర్రంకు పీరీల కొట్టం ముందు గుంట తవ్వి మంట వేస్తారు. దాన్ని అలావా అంటాం. పీరీలను ఎత్తుకునేవాళ్లలో సాయబులు కొందరే, కాపు, గొల్ల, మాదిగ, సాలె అన్ని కులాలవాళ్లూ ఎత్తుకుంటారు. దట్టీలు కడతారు, ఊదు వేస్తారు, మలీద పంచుతారు. అలావా చుట్టూ అసోయ్ దూలా ఆడుతూ హసన్ హుసేన్‌ల పేర్లు తలుచుకుంటారు. కర్బలాలో క్రీస్తుశకం 680లో జరిగిన చావు మా పల్లెల్లో తెలుగు పాటై నిలిచింది. జాజిరి పాడిన గొంతే అలావా పాట పాడింది. కాముని మంటకు కొట్టిన డప్పే పీరీలకు కొట్టింది. రెండు మంటలూ దుఃఖం చుట్టూ ఆడే ఆటే. ఒకచోట రతీదేవి ఏడుస్తుంది, ఇంకోచోట ఫాతిమా బిడ్డల కోసం ఊరు ఏడుస్తుంది. ఈ పోలికను ఏ సమైక్యతా సదస్సూ తయారుచేయలేదు. మంట పెట్టే చోటు ఒకటే గనుక, కొట్టే చేతులు ఒకటే గనుక అది వచ్చింది.

చంద్రుడి లెక్క కూడా మాకు సాక్ష్యం. కాముడు పున్నమికి కాలుతాడు. మా హిజ్రీ నెల నెలవంకతో మొదలవుతుంది గనుక ఏ పున్నమైనా ఆ నెలలో పదమూడు, పధ్నాలుగు, పదిహేను తేదీల్లోనే పడుతుంది. ఆ మూడు రోజులను మేం అయ్యామె బీజ్ అంటాం, వెన్నెల రోజులని అర్థం. ఉపవాసానికి మంచివని నమ్ముతాం. అంటే ప్రతి కాముని పున్నమీ మా ఏదో ఒక నెలలో వెన్నెల రోజే. హిందూ పంచాంగం అధికమాసం కలుపుకొని రుతువును పట్టుకుంటుంది, హిజ్రీ కలుపుకోదు. అందుకే మొహర్రం ముప్పైమూడేళ్లకోసారి రుతువులన్నీ చుట్టివస్తుంది. 2002, 2003, 2004లో అలావా మంటకూ కాముని మంటకూ నాలుగైదు రోజులే తేడా. ఒకే పక్షంలో రెండు పండుగలు. అందులో 2002 గుజరాత్ మండుతున్న ఏడాది. అక్కడ ఇళ్లూ మనుషులూ కాలిపోతున్న మార్చి నెలలోనే ఇక్కడ మా ఊళ్లల్లో ఈ రెండు మంటలూ వెలిగాయి. మంటతో ఏం చేయాలన్నది మనుషులు తేల్చుకునే సంగతి.

ఇంతవరకూ చెప్పింది విని మా సెక్యులర్ మిత్రులు మళ్లీ మురిసిపోతారేమో. ఆగండి. ఆ పాత చౌరస్తా సమానమైన చౌరస్తా కాదు. డప్పు కొట్టింది మాదిగ, అది చాలాకాలం వెట్టి. పండుగనాడు పెద్దా చిన్నా లేదన్నది ఒక పూట మాటే, తెల్లారితే గడి గడే. దొర మీద రంగు చల్లే చెయ్యి ఏదో, చల్లకూడని చెయ్యి ఏదో అందరికీ తెలుసు. రంగుల పేరుమీద ఆడవాళ్లమీద చేయి వేయడాన్ని ఆటగా చెలామణి చేశారు. ముస్లిం ఆడవాళ్లు కిటికీ పరదా సందులోంచి చూశారు. మమ్మల్ని పండుగకు పిలిచిన ఊరే మామూలు రోజుల్లో తురకోడు అన్నది. ఆ వరసను ప్రశ్నించింది పండుగ కాదు, పోరాటం. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టికి, దొరతనానికి ఎదురుతిరిగిన కూలీ రైతుల యాత్ర అది. ఆ అక్టోబర్‌లోనే సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చౌరస్తా మీద అందరికీ హక్కుందన్న మాట ఆ రోజుల్లో గట్టిగా వినబడింది.

ఆ మాట నిలవలేదు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య, దాని వెంట హైదరాబాద్ రాజ్యంలో ముస్లింలమీద జరిగిన హత్యాకాండ మా పెద్దలకు తలొంచుకొని బతకడం నేర్పాయి. సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్లను తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేలదాకా లెక్కగట్టింది. ఆ నివేదిక 2013 దాకా జనం ముందుకు రాలేదు. రజాకార్లు చేసిన దారుణాలను మేం దాచం. వాటికి శిక్ష పడ్డది ఎక్కువగా రజాకార్లు కానివాళ్లకు. ఆ తర్వాత ముస్లిం పండుగలో వుంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం అయింది. 1990 రథయాత్ర, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ఆ అర్థాలు ఇంకా ముదిరాయి. పండుగ చౌరస్తాను వదిలి ఊరేగింపయింది. ఊరేగింపుకు దారి కావాలె, దారిలో మసీదు వుండాలె, మసీదు ముందు పాట పెద్దదవాలె. రంగు చల్లడం స్నేహం కాకుండా పోయి పరీక్షగా మారింది.

ఆ పరీక్ష ఎక్కడిదాకా వచ్చిందో 2025లో చూశాం. ఆ ఏడాది మార్చి 14న హోలీ, శుక్రవారం, రంజాన్ నెల మూడూ కలిసి వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో, షాజహాన్‌పూర్‌లో ఊరేగింపు దారిలోని మసీదులకు టార్పాలిన్లు కప్పారు. జుమ్మా ఏడాదికి యాభైరెండు సార్లు వస్తుంది, హోలీ ఒక్కసారే వస్తుంది, రంగు పడితే ఇష్టపడనివాళ్లు బయటికి రావద్దని సంభల్ పోలీసు అధికారి ఒకరు చెప్పారు. ఆ మాటను సర్కారు పెద్దలు సమర్థించారు. అదే పండుగకు హైదరాబాద్‌లో ఇష్టం లేనివాళ్లమీద రంగు చల్లొద్దని పోలీసులు ఉత్తర్వు ఇస్తే, ఇది హిందువులమీద ఆంక్ష అని కొందరు నాయకులు గొంతు చించుకున్నారు. ఇష్టం లేనివాళ్లలో గర్భిణి వుంటుంది, రోగి వుంటాడు, పరీక్షకు పోయే పిల్ల వుంటుంది, ఏ మతమైనా వుంటుంది. వాళ్లందరినీ మరిచి ఒక్క మా టోపీనే చూశారు. గోడకు టార్పాలిన్ కప్పితే గోడకు రంగంటదు, నిజమే. కాని ఆ గుడ్డ వెనక వున్నవాడికి, నీ ఊళ్లో నువ్వు దాక్కోవాల్సినవాడివి అన్న మాట అంటుకుంటుంది. అది ఎన్ని నీళ్లు పోసినా పోదు.

మా ఇంటి సంగతి కూడా మేమే చెప్పుకోవాలె. పీరీలెత్తడం షిర్క్ అని, అలావా తొక్కడం బిద్అత్ అని, మోదుగురంగు ముట్టుకుంటే కుఫ్ర్ అని చెప్పే గొంతులు మాలో పెరిగాయి. ఒకరి విశ్వాసం ప్రకారం రంగుకు దూరంగా వుండటాన్ని మేం గౌరవిస్తాం. ఒక్క దేవుణ్ని నమ్మినవాడు కాముని మంట ముందు మొక్కనక్కర్లేదు. కాని మంట చుట్టూ ఆడిన మా తాతలందరూ ముస్లింలు కారని తీర్పు చెప్పే అధికారం వీళ్లకు ఎవరిచ్చారు? మీరు హిందువులే, మతం మారారు అని ఒకరు, మీరు పూర్తి ముస్లింలు కారు అని ఇంకొకరు. ఇద్దరూ కలిసి మా నేలను మా కాళ్లకింద నుంచి లాగుతున్నారు. దూదేకులవాళ్లను అటూ ఇటూ కాకుండా చేసింది ఈ తీర్పులే. మేం మొదట ఇక్కడివాళ్లం. మా నమాజుకు దిక్కు పడమర, మా పాటకు మాట తెలుగు, దక్కనీ. ఈ రెంటికీ మధ్య కొట్లాట మేం పెట్టుకున్నది కాదు.

పండుగకు బయట మా బతుకులు ఎట్లా వున్నాయో కూడా చూడండి. సిరిసిల్లలో సాంచెల చప్పుడుకు మతం లేదు. నూలు ధర పెరిగితే, ఆర్డరు రాకపోతే ఆసామి ఇంట్లోనూ కార్మికుడి ఇంట్లోనూ పొయ్యి వెలగదు. అప్పులకు తాళలేక అక్కడ ఎంతమంది నేతగాళ్లు ప్రాణాలు తీసుకున్నారో లోకానికి తెలుసు. అక్కడ తయారయ్యే గుడ్డకు ఏ రంగు అద్దాలో గిరాకీ చెప్తుంది. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లలో బురఖావాళ్లూ బొట్టువాళ్లూ వున్నారు. తునికాకు వాసన, నడుము నొప్పి, దగ్గు ఇద్దరికీ ఒకటే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు దుబాయిలో, మస్కట్‌లో ఒకే గదిలో మంచం మీద మంచం వేసుకొని పడుకుంటారు. ఇక్కడ ఊరేగింపులో ఎదురెదురుగా నిలబెట్టే పిల్లల తండ్రులు అక్కడ ఒకే గిన్నెలో వండుకుంటారు. మమ్మల్ని విడగొట్టేవాళ్లు ఈ గదుల్లోకి, ఈ చాటల దగ్గరికి రారు. చౌరస్తాలోకే వస్తారు, మైకు పట్టుకొని.

కనుక మేం అడిగేది చిన్నదే. పాత పండుగను ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టమని మేం అడగడం లేదు. అందులో వెట్టి వుంది, ఆడవాళ్లమీద చేయి వుంది, దూరం నిలబెట్టడం వుంది. వాటిని మంటలో వేయాల్సిందే. అందరూ తప్పకుండా రంగు పూసుకొని ఫోటో దిగి లౌకికత్వం నిరూపించుకోవాలనీ మేం అనడం లేదు. మాకు రెండు హక్కులు కావాలె. ఆడే హక్కు ఒకటి, ఆడకుండా వుండే హక్కు ఒకటి. మొదటిది లేకపోతే మేం ఈ ఊరివాళ్లం కాము. రెండోది లేకపోతే ఈ ఊళ్లో మనుషులం కాము. రంగు చల్లేముందు అడగాలె. అడిగినప్పుడు ఒకరు ముఖం చాపుతారు, ఒకరు వద్దంటారు. వద్దన్నవాడు కూడా ఆ చౌరస్తాలో తలెత్తుకొని నడిచిపోగలగాలె, అతని మసీదు గోడ మీద గుడ్డ కప్పకుండానే.